ప్రభల పుల్లారావు పాటల మంటపం

నరసరావుపేటలో పుల్లారావులు చాలామందే ఉండేవారు గాని, ప్రభల పుల్లారావు అంటే ఒక్కడే. శివరాత్రి తిరునాళ్ళకు కోటప్పకొండకు బండి మీద నిలబెట్టి తీసుకుపోయే ప్రభ ఉంది చూశారూ, వెదుళ్ళతో తాటిచెట్టును మించిన ఎత్తు కట్టి, రంగు కాగితాలూ అద్దాలూ అంటించి, చూసేవాడి మెడ పట్టేసేలా చేసేది, దాన్ని కట్టడంలో అతన్ని మించినవాడు పల్నాడు మొత్తంలో లేడని ఊరు అనేది. ఊరు అనని రోజున అతనే అనుకునేవాడు.

చేతినిండా పని, కడుపునిండా తిండి, జొన్నచేలు, పాడి అన్నీ ఉన్నాయి. లేనిదల్లా ఓర్పే. పక్క ఊరి ప్రభ తన ప్రభకంటే మూరెడు ఎత్తుందని ఎవరైనా అంటే ఆ పూట అన్నం సహించేది కాదు. "నీకు కడుపులో కుంపటి ఉంది. ఎవురు బాగుపడినా అది రాజుకుంటది" అని భార్య నాగేంద్రమ్మ మొహం మీదే అనేది. అతను తువ్వాలు దులిపి బయటికి పోయేవాడు.

ప్రభల మీది కుళ్ళు శివరాత్రితో వచ్చి శివరాత్రితో పోయేది. ఏసోబు మీది కుళ్ళు మాత్రం పన్నెండు నెలలూ ఉండేది.

ఏసోబు తండ్రి ఒకప్పుడు పుల్లారావు తండ్రి దగ్గర జీతానికున్నాడు. కంకి పాలు పోసుకునే రోజుల్లో పిల్లలిద్దరినీ కొండవార జొన్నచేలో కాపలా పెట్టేవారు. ఆ చేను గట్టున ఒక పెద్ద రాతిగుండు, లోపలికి తొలిచినట్టు పొట్ట ఉన్న గుండు. పుల్లారావు ఆ పొట్టలో నిలబడి కేకేస్తే చేను అవతలి కొసన వాలిన చిలకలు కూడా లేచిపోయేవి. ఆ కొసన నిలబడ్డ ఏసోబు ఎగిరి గంతేసి, "ఒరే పుల్లారావూ, ఇనపడిందిరా! మళ్ళీ అనరా!" అని అరిచేవాడు. చేలో ఇద్దరే ఉన్నప్పుడు ఒరే అంటే ఒరే. ఊళ్ళోకి వచ్చాక ఎవడి వాడ వాడిదే.

తర్వాత మిషన్ బడిలో ఇద్దరూ కొంతకాలం కూర్చున్నారు. లెక్కలు ఒంటబట్టక పుల్లారావు మానేశాడు. ఏసోబు మానలేదు. మిషన్ దొరసాని చేయించిన సాయంతో గుంటూరు పోయాడు, అటునుంచి మద్రాసు పోయి బొమ్మలు గీయడం నేర్చుకున్నాడు, కోటు తొడుక్కుని తిరిగొచ్చి అదే మిషన్ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారయ్యాడు. ఊరంతా "ఏసోబు మాస్టారుగారు" అనసాగింది. పుల్లారావు మాత్రం నడిబజారులో కావాలని గొంతెత్తి, "ఒరే ఏసోబూ!" అని పిలిచేవాడు. మాస్టారు చిన్నబోవాలని అతని ఆశ. ఏసోబు చిన్నబోయేవాడు కాదు. ఆగి, గొడుగు మూసి, "చెప్పండి పుల్లారావుగారూ" అనేవాడు. ఆ "గారు" విన్నప్పుడల్లా పుల్లారావుకు చెంప ఛెళ్ళుమన్నట్టుండేది, ఎందుకో అతనికే తెలిసేది కాదు.

ఏసోబుకు ఒక అలవాటుండేది. చర్చి ముఖద్వారం గీసినా, బడి నాటకానికి తెర గీసినా, పుల్లారావును పిలిచి చూపించి, "ఎట్టా ఉందండీ?" అని అడిగేవాడు. పుల్లారావు దానికేసి కాస్సేపు చూసి, "ఆఁ, ఉంది" అనేవాడు. అది బాగుందని అతని కళ్ళకు తెలుసు. ఇంటికి వెళ్ళేదాకా ఆ గీతలే కళ్ళ ముందు ఆడేవి. కాని బాగుందన్న ముక్క నోరు దాటితే తన ఆస్తి ఏదో వాడికి రాసిచ్చినట్టవుతుందని అతని భయం. ఏసోబు ఇంకెవరినీ అంత పట్టుబట్టి అడిగేవాడు కాదు. ఆ సంగతి ఆలోచించడానికి పుల్లారావుకు తీరిక లేదు.

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు మునిసిపాలిటీవారు ఊరి తోటలో పాటల మంటపం కట్టించాలనుకున్నారు. అప్పటికి తోటలో ఒక రేడియో పెట్టె, నాలుగు బెంచీలు, ఎండిపోయిన క్రోటన్సూ తప్ప ఏమీ లేవు. సాయంత్రాలు హరికథలు చెప్పించాలి, పద్యాలు పాడించాలి, నాదస్వరం పెట్టించాలి, జనం పచ్చికలో కూర్చుని వినాలి, అదీ ఉద్దేశం. తోట కమిటీకి అధ్యక్షులు ప్లీడరు చెన్నకేశవరావుగారు. ఆయన ఇద్దరిని పిలిచి, మంటపం ఎలా ఉండాలో మీ మీ పద్ధతుల్లో చూపించండన్నారు. ఒకరు ఏసోబు మాస్టారు, రెండోవాడు మనవాడు.

తన పక్కన ఏసోబును నిలబెట్టారని పుల్లారావు ఆ రాత్రంతా పొర్లాడు. "నేను చాలనా ఆళ్ళకి? ఆడెందుకు మజ్జెలో?" అన్నాడు భార్యతో. "ఆయన కూడా ఇదే అనుకుంటన్నాడేమో, పడుకో" అంది నాగేంద్రమ్మ. ఏసోబు అలా అనుకోడని పుల్లారావుకు తెలుసు. అసలు మంట అదే.

ప్రభ కట్టేవాళ్ళ పద్ధతి వేరు. కాగితం మీద గీయరు. కళ్ళంలో నేల మీద వెదుళ్ళు పరిచి, బొమ్మంతా పడుకోబెట్టి కట్టి, మోకులేసి ఒక్కసారిగా లేవదీస్తారు. పుల్లారావు అలాగే చేశాడు. తోటకు పడమటి పక్కన, బజారు వైపు వీపు పెట్టి తూర్పు చూసేలా, మంటపం ముఖాన్ని వెదుళ్ళతో అసలు కొలతకే కట్టి నిలబెట్టాడు. నాలుగు స్తంభాలు, వాటి మీద అంతస్తు మీద అంతస్తు, కొసన కలశం. వెనక ఏమీ లేదు. ప్రభకు వెనక ఎవరు చూస్తారు? పొద్దున్నే లేత ఎండ మొహాన పడి, అంటించిన అద్దాల ముక్కలు తళతళలాడుతుంటే దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు.

ఏసోబు పని చూస్తే నవ్వొచ్చేది. సాయంత్రం బడి వదిలాక తోటకు వచ్చి, ఉత్తరపు కొసన ప్రహరీగోడ బావి చుట్టూ వంపు తిరిగిన చోట కర్ర పాతి దాని నీడ చూసుకునేవాడు. అక్కడే నిలబడి చప్పట్లు కొట్టి చెవి ఒగ్గేవాడు. "చదువెక్కువై మతి పోయింది" అని పుల్లారావు నలుగురిలో అన్నాడు. చివరికి ఏసోబు తెచ్చిన కాగితం మీద కలశమూ లేదు, అంతస్తులూ లేవు. మోకాలెత్తు అరుగు, దాని వెనక లోపలికి వంగిన నాపరాతి గోడ, పైన కాస్త ముందుకు వంగిన కప్పు. మొత్తం దక్షిణం చూస్తోంది.

ప్లీడరుగారికి కోర్టు ఉంది కాబట్టి కమిటీ పొద్దున్నే తోటకు వచ్చింది. వెదురు ముఖాన్ని చూసి మురిసింది, కాగితాన్ని చూసి ఆలోచనలో పడింది. ఏసోబు గోడ వంపు సంగతి నెమ్మదిగా విడమరిచి చెబుతుంటే చెన్నకేశవరావుగారు తల ఊపడం మొదలుపెట్టారు. ఆ ఊపు చూసి పుల్లారావు గుండెల్లో రాయి పడింది. ప్రభలు ఏటేటా కట్టి విప్పేసేవే. శివరాత్రి దాటితే అతని పేరు కట్టెలమోపు. రాతిలో నిలిచే పని బతుకులో ఇదొక్కటే వచ్చింది, అదీ తమ జీతగాడి కొడుకు చేతుల్లోకి జారిపోతోంది.

"పుల్లారావ్, నువ్వేమంటావ్ మాస్టారు గీసినదానికి?" అన్నారు ప్లీడరుగారు.

"గీతల సంగతి నాకేం తెలుసు బాబూ" అన్నాడు పుల్లారావు, చేతులు కట్టుకుని, ఎంతో అణకువగా. "దక్షిణం చూస్తందే అని భయం, అంతే. చదువులతల్లిని తీసుకుపోయి యముడికి ఎదురుగా కూసోబెడతామా? రేపు ఊళ్ళో ఏదైనా అయితే తమరి పేరు చెప్పుకుంటారు."

కమిటీవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన అప్పుడే చెంపలు వేసుకున్నాడు. ఏసోబు క్రైస్తవుడు, వాస్తు గురించి అతను నోరు తెరిస్తే ఆ మాట చెల్లదు. ఆ లెక్క చూసుకునే పుల్లారావు ఆ మాట అన్నాడు. ఏసోబు అతని వంక ఒక్కసారి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. తర్వాత కాగితం చుట్టుకుని, "కమిటీవారి ఇష్టం" అని బడికి వెళ్ళిపోయాడు.

మంటపం పుల్లారావుదయింది. కబురు అతనికంటే ముందే ఇల్లు చేరింది. నాగేంద్రమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏమయ్యా, మన గుమ్మం ఎటు చూస్తంది?"

వాళ్ళ తాత కట్టిన ఆ ఇంటి గుమ్మం సరిగ్గా దక్షిణమే.

"అందులోనించే కదా నన్ను కాపరానికి తెచ్చింది? పిల్లలు పుట్టలా? గొడ్లు ఈనలా? ఆ ఏసోబు చిన్నప్పుడు ఈ గుమ్మంముందే గదా అంబలి తాగింది. ఆయనకి తెలవదా ఇది ఎటు చూస్తదో? నలుగురిలో ఒక్క మాట అంటే నీ బతుకేమయ్యేది?"

అదే పుల్లారావుకు ఎక్కడో గుచ్చుకుంది. అని ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే ఇంకా బాగుండేది, తనూ తిట్టేవాడు. అనకుండా పోయి వాడు తనకంటే ఎత్తు పెరిగాడు. గెలిచిన రోజు కూడా వాడే పైన.

పని మొదలయ్యే ముందు ఏసోబే ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చోమన్నా కూర్చోలేదు. "ఒక్క మాట చెప్పి పోదామని. తూరుపు పెట్టారు, మంచిదే. పునాది తియ్యకముందు ఒక్కసారి సాయంత్రం పూట వచ్చి, ఎదురుగా జనం కూర్చునే చోట నిలబడి చూడండి" అన్నాడు.

"చూస్తాలే" అన్నాడు పుల్లారావు. అతను వీధి మలుపు తిరిగాక నాగేంద్రమ్మతో, "చూశావా, ఎట్టా కుళ్ళుకుంటన్నాడో! ఓర్వలేక చస్తన్నాడు" అన్నాడు. ఆమె ఒక నవ్వు నవ్వి లోపలికి పోయింది.

ఇక సాయంత్రం పూట మంటపం ఎదురుగా నిలబడితే ఏసోబు మాట విన్నట్టవుతుందని పుల్లారావుకు పంతం పట్టింది. ఆ నాలుగు నెలల్లో పొద్దువాలాక ఒక్కనాడు ముందువైపుకు పోలేదు. పోయినా ఏం కనపడేది కాదు లెండి, బజారు దుమ్ము పడకుండా పనివాళ్ళు పడమటి వైపంతా తాటాకు దడి కట్టుకున్నారు. మాచర్ల నాపరాయి తెప్పించాడు, మేస్త్రీ అబ్దుల్ రహీమ్‌తో రోజూ పోట్లాడి అంతస్తుకు అంతస్తు పైకి లేపాడు. "అంత ఎత్తెందుకు పుల్లారావన్నా, పాడేది మనిషేగా?" అన్నాడు రహీమ్. "నీకు తెలవదు, కట్టు" అన్నాడితను. కొండకు పోయే ఏ ప్రభా అంత అందంగా లేదని అతనికే అనిపించింది. అది నిజమే కూడా.

ఉగాది దాటిన వారంలో ప్రారంభం. పొద్దున దడి విప్పేశారు. సాయంత్రానికి ఊరంతా పచ్చికలో కూర్చుంది. ముందు వరసలో కమిటీ, మూడో వరసలో ఏసోబు, మంటపం మెట్ల పక్కన కొత్త పంచె కట్టుకుని పుల్లారావు. బాపట్ల వైపు నుంచి వచ్చిన హరికథ దాసుగారు గజ్జె కట్టి, చిడతలు పట్టుకుని మంటపమెక్కారు.

అప్పుడు చూశాడు పుల్లారావు. జనమంతా చెయ్యెత్తి నుదుటికి అడ్డం పెట్టుకున్నారు. మొదట దండం పెడుతున్నారనుకున్నాడు. గబగబా వెళ్ళి వాళ్ళ మధ్య నిలబడి తనూ మంటపం కేసి చూశాడు. వెనక గోడ లేని ఆ నాలుగు స్తంభాల మధ్య నుంచి దిగబోయే సూర్యుడు సూటిగా కళ్ళల్లో పొడిచాడు. దాసుగారు నల్లటి నీడ. అంతస్తులు, తీగలు, చిలకలు, తను ప్రాణం పెట్టి చెక్కించినవన్నీ చీకటి ముద్ద. తన పనంతా పొద్దుటి ఎండకు మొహం పెట్టి ఉంది. పాట సాయంత్రానిది.

దాసుగారు ఎత్తుకున్నారు. గొంతు అంతస్తుల్లోకి పోయి అక్కడే తిరిగింది, మిగిలింది వెనకనుంచి బజారులోకి పోయింది. ఇక్కడ ముందు వరస దాటి వినపడక జనం చెవులు రిక్కిస్తుంటే, అక్కడ రోడ్డు మీద బండ్లవాళ్ళు ఎడ్లను ఆపుకుని హాయిగా వింటున్నారు. కాస్సేపు చూసి దాసుగారు చెమట తుడుచుకుని, "ఎండ వీపు మాడ్చేస్తోంది నాయనా, నీడపట్టు ఎక్కడుంది?" అని దిగారు. తనే వెదుక్కుంటూ తోట ఉత్తరపు కొసకు పోయి, బావి దగ్గర ప్రహరీ వంపులో నిలబడ్డారు. జనం కూర్చున్నచోటే అటు తిరిగారు. చిడత మోగింది, మాట మోగింది, గేటు దగ్గర సోడా అమ్ముకునేవాడు కూడా "ఆహా" అన్నాడు.

ఎవరూ పుల్లారావును ఒక్క మాట అనలేదు. పోతూ పోతూ మంటపాన్ని చూసి, "భలే ఉంది పుల్లారావ్, చూట్టానికి" అన్నారు. ఆ "చూట్టానికి" అన్న మాట దగ్గర అతనికి ప్రాణం పోయినట్టయింది. ఏసోబు కోసం చూశాడు, నవ్వుతుంటాడని. వాడు కళ్ళు మూసుకుని కథ వింటున్నాడు. ఆ ప్రశాంతత చూసి పుల్లారావుకు ఒళ్ళు మరింత మండింది.

రేడియో పెట్టెను మంటపంలోకి మార్చారు. పావురాలు కాపురం పెట్టాయి. ఎండాకాలం పోయి వానలు వచ్చేసరికి కమిటీ, దక్షిణం సంగతి ఎవరూ ఎత్తకుండానే, బావి దగ్గర వేదిక కట్టిద్దామనుకుంది. ఏసోబు మాస్టారి కాగితం బయటికి తీశారు. గుంటూరు నుంచి మేస్త్రీని పిలిపిస్తారని పుల్లారావు చెవిన పడింది.

ఆ పూట అతను తినలేదు. ఏసోబు గోడ లేస్తుందన్న బాధ ఒకటైతే, దాన్ని ఎవడో గుంటూరువాడు కట్టి పేరు కొట్టేస్తాడన్న బాధ దాన్ని మించింది. తెల్లవారగానే ప్లీడరుగారింటికి పోయి, "నేనే కడతా" అన్నాడు. ఆయన ఆశ్చర్యపోయి, కాగితం సంగతి మాట్లాడటానికి వచ్చి కూర్చున్న ఏసోబు వంక చూశారు. "పుల్లారావుగారైతేనే కట్టగలరు" అన్నాడు ఏసోబు. అది మెచ్చుకోలో, ఎత్తిపొడుపో తేల్చుకోలేక పుల్లారావు దారి పొడుగునా పళ్ళు నూరుకున్నాడు.

కట్టడం మాత్రం దొంగపని చేయలేదు. కాగితం మీది వంపు రాతిలో రావాలంటే ఒక్కో నాపరాయి అంచూ చెక్కాలి. చెక్కించాడు. ఏసోబు సాయంత్రాలు వచ్చి గేటు దగ్గర బెంచీ మీద కూర్చుని చూసేవాడు. దగ్గరికి వచ్చేవాడు కాదు, ఏమీ అడిగేవాడు కాదు. "ఎట్టా ఉందండీ" అనడం మంటపం నాటినుంచే మానేశాడు. అడగనందుకు కూడా పుల్లారావుకు కోపంగానే ఉండేది.

కప్పు వేసిన రోజు పనివాళ్ళు వెళ్ళిపోయారు. పొద్దు వాలింది. తోటలో ఎవరూ లేరు, అవతలి కొసన బెంచీ మీద ఏసోబు తప్ప. పుల్లారావు అరుగెక్కి గోడ వంపులోకి పోయి, రాయి మీద చెయ్యి వేశాడు. ఎండ కళ్ళల్లో పడటం లేదు. గాలి చెవులకు కొట్టటం లేదు. చల్లగా, మాటుగా, ఎప్పుడో ఎరిగిన చోటులా ఉంది. చెయ్యి ఆ వంపు వెంట జరుగుతూ జరుగుతూ ఆగిపోయింది.

కొండవార జొన్నచేను. గట్టున గుండు. గుండు పొట్ట.

మద్రాసూ కాదు, దొరల పుస్తకమూ కాదు. తను నిలబడి చిలకల్ని తోలిన పొట్ట ఇది. తన చేను, తన గుండు, తన కేక. ఇన్నేళ్ళూ రోజూ ఆ గట్టు మీదే నడుస్తూ తనకు తట్టలేదు, అవతలి కొసన నిలబడి విన్నవాడికి గుర్తుంది. అది కూడా వాడికే గుర్తుండాలా? కుళ్ళు గొంతుదాకా వచ్చింది. దాంతోపాటు ఇంకేదో కూడా వచ్చింది, ఎప్పుడూ రానిది. రాయి మీద అరచెయ్యి ఆనించి, తనలో తను గొణుక్కున్నట్టుగా అనేశాడు.

"ఎంత బాగా గీశాడ్రా ఎదవ. ఎంత బాగుంది!"

తనలో తనే అన్నాడు. కాని నిలబడ్డ చోటు అలాంటిది. గోడ ఆ ముక్కను పట్టుకుని, పచ్చిక మీదుగా, క్రోటన్ల మీదుగా, గేటు దాకా విసిరింది. బెంచీ మీద మనిషి దిగ్గున లేచి నిలబడ్డాడు. గొడుగు కింద పడింది. కోటు తొడుక్కున్న డ్రాయింగ్ మాస్టారు, ఊరి నడిబొడ్డున, బజారంతా వినేలా చెయ్యెత్తి అరిచాడు.

"ఒరే పుల్లారావూ! ఇనపడిందిరా! మళ్ళీ అనరా!"

"ఏమీ అన్లేదు, పోరా!" అని అరిచాడు పుల్లారావు, మొహం గోడకు తిప్పుకుని, పై పంచెతో కళ్ళు తుడుచుకుంటూ. అదీ వినపడింది.